పంక్తిభేదం

(బరంపురంలో ఒక ఆదివారం సాయంత్రం, తెలుగువాళ్లు కలుసుకునే చోట, భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన ఒక మాస్టారు మాట్లాడిన మాటలివి. ఫోన్ రికార్డింగు విని రాశాం. మధ్యలో మైకు పోయిన చోట్ల మాటలు వదిలేశాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యెత్తండి. ముందు వరసలో ఖాళీ ఉంది, వచ్చి కూర్చోండమ్మా.

అణ్వాయుధాల విషయం మీద మాట్లాడతానని ఒప్పుకున్న రోజు మా ఆవిడ అడిగింది, "బాంబుల గురించి మీకేం తెలుసండీ?" అని. నిజమే. ముప్ఫై ఏళ్లు బ్లాక్‌బోర్డు మీద కేంద్రకం బొమ్మ గీశాను, న్యూట్రాన్ తగిలితే ఎలా చీలుతుందో చెప్పాను, పరీక్షలో ఆ ప్రశ్న వస్తుందని కూడా చెప్పాను. ఆ చీలికని ఎవరు వాడుకోవచ్చు, ఎవరు వాడుకోకూడదు, అది ఎవరు నిర్ణయించారు అన్న మాట మాత్రం ఏ సిలబస్‌లోనూ లేదు. రిటైరయ్యాక తీరిగ్గా చదువుకున్నాను. ఆ చదువుకున్నదే మీకు చెప్తాను.

మన ఊరికీ దీనికీ ఒక చిన్న చుట్టరికం ఉంది. వి.వి.గిరి గారు ఇక్కడే, ఈ బరంపురంలోనే, 1894లో పుట్టారు. 1969 ఆగస్టు నుంచి 1974 ఆగస్టు దాకా రాష్ట్రపతి. అణ్వాయుధాల వ్యాప్తి నిరోధక ఒప్పందం, అదే ఎన్‌పీటీ, అమల్లోకి వచ్చింది 1970 మార్చి 5న. పోఖ్రాన్‌లో మన మొదటి పేలుడు 1974 మే 18న. రెండూ ఆయన రాష్ట్రపతి భవన్‌లో ఉండగానే జరిగాయి. నిర్ణయాలు ఇందిరాగాంధీవి, ఆయనవి కావు, ఆ సంగతి మనకి తెలుసు. అయినా ఈ ఊరి మనిషి ఆ కుర్చీలో ఉండగా ఇంత కథ నడిచిందని నాకు ఈ మధ్య దాకా తట్టలేదు. (నవ్వులు) మీకు తట్టిందా? లేదు కదా.

సరే. పంక్తిభేదం అంటే ఏమిటో ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. పెళ్లి బంతిలో ఒకే వరసలో కూర్చుంటాం. వడ్డించేవాడు ఒకరి విస్తట్లో నెయ్యి ధారగా పోస్తాడు, పక్కవాడి దగ్గరికి వచ్చేసరికి గరిట తిప్పేస్తాడు. ఆకలికన్నా ఆ గరిట తిప్పడమే ఎక్కువ గుచ్చుకుంటుంది. మన పెద్దవాళ్లు దాన్ని పాపం అన్నారు. అన్నం పెట్టకపోవడం ఒక తప్పు, ఒకే పంక్తిలో రెండు రకాలుగా పెట్టడం ఇంకో తప్పు. ఎన్‌పీటీ మీద మన దేశం మొదటి నుంచీ చెప్తూ వచ్చిన ఫిర్యాదు ఈ రెండో తప్పు గురించే.

ఆ ఒప్పందంలో తొమ్మిదో అధికరణంలో ఒక వాక్యం ఉంది. 1967 జనవరి 1కి ముందు అణుబాంబు తయారు చేసి పేల్చిన దేశమే "అణ్వాయుధ దేశం" అని. అమెరికా 1945లో పేల్చింది, సోవియట్ యూనియన్ 1949లో, బ్రిటన్ 1952లో, ఫ్రాన్స్ 1960లో, చైనా 1964 అక్టోబరులో. చైనా రెండున్నరేళ్లు ఆలస్యం చేసి ఉంటే? 1967 మార్చిలో పేల్చి ఉంటే? ఆ ఒప్పందం ప్రకారం చైనాకీ మనకీ తేడా ఉండేది కాదు. తలుపు ఆ రోజు రాత్రి వేసేశారు, లోపల ఉన్నవాళ్లు లోపలే, బయట ఉన్నవాళ్లు బయటే.

కటాఫ్ తేదీ అంటే ఏమిటో గజపతి, రాయగడ, కొరాపుట్ నుంచి వచ్చినవాళ్లకి నాకన్నా బాగా తెలుసు. అటవీ హక్కుల చట్టంలో 2005 డిసెంబరు 13 అని ఒక తేదీ ఉంది. ఆ తేదీ నాటికి అడవి భూమి దున్నుకుంటూ ఉంటే పట్టాకి అర్హత, లేకపోతే లేదు. నా దగ్గర చదివిన ఒక కుర్రాడి తండ్రి ఆ పట్టా కోసం ఆఫీసుల చుట్టూ తిరిగాడు. ఆయనకి పంట తేదీలు తెలుసు, పండగలు తెలుసు. "డిసెంబరు పదమూడు" అంటే ఏమిటో మాత్రం తెలియదు. ఆ ఏడాది కొండ మీద కందులు ఎప్పుడు కోశాడో చెప్పమంటే గడగడా చెప్పేస్తాడు.

అయితే ఒక తేడా ఉంది చూడండి. పోడు చట్టంలో ఆ తేదీ, లేనివాడికి గొడుగు. తరాలుగా అక్కడే ఉన్నా కాగితం లేనివాణ్ని కాపాడ్డానికి పెట్టింది. ఎన్‌పీటీలో తేదీ, ఉన్నవాడికి పట్టా. ఎవడు ముందు ఆక్రమించాడో వాడి పేరు మీద రాసేశారు.

అలా రాసేటప్పుడు ఊరికే రాయలేదు లెండి, ఒక బేరం కుదిరింది. బాంబు లేని దేశాలు ఎప్పటికీ చేయబోమని మాటిచ్చాయి, తమ కర్మాగారాల్లోకి అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ఇన్స్‌పెక్టర్లని రానిచ్చాయి. దానికి బదులుగా రెండు దక్కాలి. ఒకటి, కరెంటుకీ వైద్యానికీ అణుశక్తిని వాడుకునే హక్కు, అది నాలుగో అధికరణం. రెండోది ఆరో అధికరణం: ఉన్నవాళ్లు కూడా తమ బాంబులు తీసేసుకునే దిశగా చిత్తశుద్ధితో చర్చలు జరపాలి. ఎప్పటిలోగా? అది రాయలేదు. మిగతావాళ్లని తలుపు బయట నిలబెట్టడానికి రోజుతో సహా తేదీ రాశారు, తమ బాంబులు దించడానికి మాత్రం ఏ తేదీ పెట్టుకోలేదు.

అసలు 1965లో ఐక్యరాజ్యసమితి సాధారణ సభ చేసిన 2028 నంబరు తీర్మానంలో, ఈ ఒప్పందంలో రెండు పక్షాల బాధ్యతలూ సమతూకంగా ఉండాలని స్పష్టంగా ఉంది. మన దౌత్యవేత్తలు జెనీవాలో దానికోసం గట్టిగా వాదించారు. చివరికి వచ్చిన కాగితంలో ఆ తూకం లేదని మనం సంతకం పెట్టలేదు. ఇజ్రాయెల్ పెట్టలేదు, పాకిస్తాన్ పెట్టలేదు. ఇవాళ 191 దేశాలు అందులో ఉన్నాయి.

ఆరో అధికరణం మాట అసలు నిలబెట్టుకోలేదంటే అబద్ధం చెప్పినట్టే. 1986 ప్రాంతంలో ప్రపంచంలో దాదాపు 70 వేల వార్‌హెడ్లు, అదే అణుబాంబులు, ఉండేవి. ఇప్పుడు సుమారు 12 వేలు. తగ్గాయి, చాలా తగ్గాయి. కానీ ఆ పన్నెండు వేలలో పదో వంతుకి కాస్త పైగా పోను మిగిలినవన్నీ అమెరికా, రష్యాల దగ్గరే ఉన్నాయి. ఆ ఇద్దరి మధ్య మిగిలిన ఆఖరి పరిమితి ఒప్పందం న్యూ స్టార్ట్, దాని గడువు 2026 ఫిబ్రవరి 5న తీరిపోయింది. పాతవి తీసేస్తూ కొత్తవి తయారు చేయడం ఎవరూ ఆపలేదు. ఇల్లు ఖాళీ చేస్తానని చెప్పి మేడ మీద రంగులు వేయిస్తున్నట్టుంది.

ఇంకో మాట చెప్పి ముందుకెళ్తాను. జర్మనీ, ఇటలీ, బెల్జియం, నెదర్లాండ్స్, టర్కీ, ఈ ఐదూ ఎన్‌పీటీ ప్రకారం అణ్వాయుధాలు లేని దేశాలు. వాటి గడ్డ మీద అమెరికా బాంబులు ఉన్నాయి. మా ఇంట్లో సారా లేదండీ, మా బావమరిది సీసా మా అల్మరాలో ఉంది అన్నట్టు. (నవ్వులు)

ఇప్పుడు కొంచెం పాఠం. వదులుతానా మరి! ఈ పాఠం లేకపోతే ఇరాన్ గొడవ అర్థం కాదు.

చేటలో వెయ్యి బియ్యపు గింజలు పోశారనుకోండి. అందులో ఏడు ఎర్ర గింజలు, మిగతావన్నీ తెల్లవి. గనిలోంచి వచ్చిన యురేనియం అచ్చం అలాగే ఉంటుంది. వెయ్యి పరమాణువుల్లో ఏడు మాత్రమే యురేనియం-235, మనకి కావలసిన రకం. కరెంటు తీసే రియాక్టర్లు చాలావాటికి వందలో నాలుగు ఎర్రవి ఉంటే సరిపోతుంది. అంటే ఆ ఏడు ఎర్రవీ ఉంచి 825 తెల్లవి ఏరి పారేయాలి. ఎంత పని! చేతులు పడిపోతాయి. ఇప్పుడు చేటలో 175 గింజలున్నాయి. ఇరవై శాతానికి రావాలంటే ఇంకో 140 ఏరాలి. అరవై శాతానికి ఇంకో 23. బాంబుకి వాడే తొంభై శాతానికి రావాలంటే ఇంకెన్ని ఏరాలి? నాలుగే. నాలుగు గింజలు. అసలు పనిలో ఎర్రవి కూడా కొన్ని జారిపోతాయి, నేను లెక్క సులువు చేసి చెప్పాను, కానీ విషయం మాత్రం ఇదే. కరెంటు కోసం ఏరడం మొదలుపెట్టినవాడు బాంబుకి కావలసిన పనిలో పెద్ద వాటా అప్పటికే చేసేసి ఉంటాడు.

చేట ఒకటే, చెయ్యి ఒకటే. ఏ గింజ దగ్గర పాపం మొదలవుతుందో యంత్రం చెప్పదు. మరి ఎవరు చెప్పాలి? "ఈ దేశం నాలుగు శాతం దగ్గర ఆగుతుంది, ఆ దేశం ఆగదు" అని ఎవరో నమ్మాలి, ఎవరో అనుమానించాలి. పంక్తిభేదం ఇక్కడే లోపలికి దూరుతుంది. జపాన్‌లో యురేనియం శుద్ధి చేస్తే విద్యుత్తు కోసం అంటారు. ఇరాన్‌లో చేస్తే ఇంకేదో కోసం అంటారు. రెండూ ఒప్పందంలో ఉన్న దేశాలే.

ఇరాన్ ఏమీ ఎరగని పాప అని నేను అనను. 2002లో నతాంజ్ శుద్ధి కేంద్రం సంగతి బయటపడేదాకా అక్కడేం కడుతున్నారో ఇన్స్‌పెక్టర్లకి చెప్పలేదు. 2015 జూలైలో ఆరు పెద్ద దేశాలతో ఒప్పందం కుదిరింది, 3.67 శాతం దాటబోమని ఒప్పుకున్నారు, ఇన్స్‌పెక్టర్లు అది నిజమేనని చెప్తూ వచ్చారు. 2018 మేలో అమెరికా ఒప్పందం నుంచి తనంతట తనే బయటికి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఇరాన్ అరవై శాతం దాకా వెళ్లింది. మన చేట లెక్కలో చూస్తే చివరి నాలుగు గింజల దగ్గర ఆగింది. 2025 జూన్ 12న అణుశక్తి సంస్థ బోర్డు ఇరాన్ బాధ్యతలు నెరవేర్చడం లేదని తీర్మానించింది. మర్నాడే ఇజ్రాయెల్ బాంబులు వేసింది, జూన్ 22న అమెరికా ఫోర్దో, నతాంజ్, ఇస్ఫహాన్ అణుకేంద్రాల మీద వేసింది.

ఇప్పుడు వేసినవాళ్లెవరో చూడండి. ఇజ్రాయెల్ ఎన్‌పీటీలో లేదు. బాంబులున్నాయా అంటే ఔననదు, కాదనదు. అక్కడి దీమోనా అణుకేంద్రంలో పనిచేసిన వనును అనే సాంకేతిక ఉద్యోగి 1986లో లండన్ పత్రికకి ఫొటోలతో సహా చెప్పాడు, ఆయన్ని రోమ్ నుంచి ఎత్తుకెళ్లి పద్దెనిమిదేళ్లు జైల్లో పెట్టారు. అబద్ధం చెప్పినవాణ్ని ఎవరైనా పద్దెనిమిదేళ్లు మూస్తారా? 1981లో ఇరాక్ రియాక్టర్ని కూల్చింది కూడా ఇజ్రాయెలే. అప్పుడు భద్రతా మండలి ఏకగ్రీవంగా ఖండించింది, అమెరికా కూడా చెయ్యెత్తింది. ఆ 487 నంబరు తీర్మానంలోనే ఇజ్రాయెల్ తన అణుకేంద్రాల్ని అంతర్జాతీయ తనిఖీ కిందకి తేవాలని ఉంది. నలభై ఏళ్లు దాటింది. ఆ తీర్మానం బీరువాలో ఉంది.

ఒప్పందంలో ఉండి ఇన్స్‌పెక్టర్లని ఇంట్లోకి రానిచ్చినవాడి మీద, ఒప్పందంలోనే లేనివాడు బాంబు వేశాడు. తలుపు తీసినవాడి ఇల్లే సోదా. తలుపు తీయనివాడి ఇంటి నంబరు కూడా ఎవరూ అడగరు. చిన్న దేశాలు ఇవన్నీ చూస్తూనే ఉంటాయి కదా. లిబియా 2003 డిసెంబరులో తన కార్యక్రమం వదిలేసుకుంది, 2011లో గడాఫీ ఏమయ్యాడో టీవీలో చూశాం. ఉక్రెయిన్ తన గడ్డ మీద ఉన్న సోవియట్ వార్‌హెడ్లని రష్యాకి అప్పగించింది, వాటి మీట మాస్కో చేతిలోనే ఉండేదనుకోండి, అయినా 1994 డిసెంబరులో బుడాపెస్ట్‌లో అమెరికా, బ్రిటన్, రష్యా సరిహద్దులు గౌరవిస్తామని సంతకాలు పెట్టాయి. ఆ సంతకం పెట్టిన రష్యానే 2014లో, 2022లో లోపలికి వచ్చింది. ఉత్తర కొరియా 2003లో ఒప్పందం వదిలి వెళ్లింది, 2006లో పేల్చింది, దాని మీదకి ఎవరూ వెళ్లలేదు.

సొంతంగా చేసిన బాంబుల్ని తనంతట తనే విప్పేసిన దేశం ఒక్కటే, దక్షిణాఫ్రికా. ఆరు బాంబులు. విప్పేసి 1991లో ఎన్‌పీటీలో చేరి, 1993లో ప్రపంచానికి చెప్పారు. ఎందుకు విప్పారన్నది ఇంకో రోజు మాట్లాడుకోవాల్సిన కథ. తెల్లవాళ్ల పాలన పోబోతోంది, నల్లవాళ్ల చేతికి బాంబు వెళ్లకూడదన్న లెక్క కూడా అందులో ఉందని చాలామంది అంటారు. పంక్తిభేదం ఎక్కడెక్కడ ఉంటుందో చూశారా.

మంచినీళ్లు ఇలా ఇవ్వండి బాబూ.

ఇప్పటిదాకా అందరి విస్తళ్లూ చూశాం. మన విస్తరి చూడకుండా లేచిపోతే అది మోసం. నేను ఇవాళ వచ్చింది నిజానికి దీనికే.

1974 పేలుడికి ప్లూటోనియం ఎక్కడిది? ట్రాంబేలోని సైరస్ రియాక్టర్‌ది. రియాక్టర్ కెనడా ఇచ్చింది, అది నడవడానికి కావలసిన భారజలం అమెరికా ఇచ్చింది. శాంతియుత అవసరాలకే వాడతామని 1956లో మాటిచ్చి తీసుకున్నాం. పేల్చాక మనం పెట్టిన పేరు "శాంతియుత అణు పేలుడు". పక్కింటివాళ్లు సత్యనారాయణ వ్రతానికని గుండిగ ఇస్తే అందులో వేటమాంసం వండి, ఇదీ ప్రసాదమే అన్నట్టుంది. (నవ్వులు) నవ్వకండి, కెనడావాళ్లు నవ్వలేదు. మనతో అణు సహకారం తెంచుకున్నారు. మనల్ని చూసి భయపడి, అణు సామగ్రి అమ్మే దేశాలు కొన్ని కలిసి, ఎవరికి అమ్మాలో తేల్చే అణు సరఫరాదారుల బృందం పెట్టుకున్నాయి, అదే ఎన్‌ఎస్‌జీ. ఆ బృందం పుట్టడానికి కారణం మనమే. ఆ తర్వాత అందులో చేర్చుకోమని అడిగిందీ మనమే.

అమెరికా 1978లో ఒక చట్టం చేసి మన తారాపూర్ అణు విద్యుత్ కేంద్రానికి ఇంధనం ఆపేసింది. ముప్ఫై ఏళ్లపాటు ఇస్తామని 1963లో ఒప్పందం చేసుకున్నవాళ్లు మధ్యలో కొత్త చట్టం చేసి, అది పాత ఒప్పందానికీ వర్తిస్తుందన్నారు. అది కూడా అన్యాయమే, ఒప్పుకోవాలి. కొన్నాళ్లకి ఫ్రాన్స్ ఇంధనం ఇచ్చింది.

1988 జూన్‌లో రాజీవ్‌గాంధీ ఐక్యరాజ్యసమితికి వెళ్లి 2010 కల్లా అణ్వాయుధాలన్నీ పోవాలని దశలవారీ ప్రణాళిక పెట్టారు. అప్పుడు మన మాటకి ఒక బరువుండేది. పంక్తిలో భేదం వద్దు, అందరి విస్తళ్లలోంచీ ఆ విషం తీసేయండి అన్నాం. పదేళ్లకి 1998 మేలో ఐదు పేలుళ్లు చేశాం. ఆ ఏడాదే, తర్వాత విదేశాంగ మంత్రి అయిన జస్వంత్ సింగ్, ఎన్‌పీటీ పెట్టిన ఈ భేదాన్ని "అణు వర్ణవివక్ష" అని రాశారు. మంచి మాట, బలమైన మాట. కానీ చూడండి, వర్ణవివక్ష వద్దనేవాడు రెండు రకాలుగా అడగొచ్చు. తెల్లవాళ్ల బెంచీ తీసేయమని అడగొచ్చు. లేదా నన్నూ తెల్లవాళ్ల బెంచీ మీద కూర్చోనివ్వమని అడగొచ్చు. 1988లో మనం అడిగింది మొదటిది. 1998 తర్వాత అడిగింది రెండోది.

రెండోది దొరికింది కూడా. 2005 జూలైలో మన్మోహన్ సింగ్, బుష్ ప్రకటన చేశారు. మన 22 రియాక్టర్లలో 14 తనిఖీ కిందకి, మిగతావి మన సొంతానికి. 2008 సెప్టెంబరు 6న వియన్నాలో ఎన్‌ఎస్‌జీ, ఎన్‌పీటీలో లేకపోయినా అణు సామగ్రి కొనుక్కోవచ్చని మనకొక్కరికే మినహాయింపు ఇచ్చింది. పంక్తిలో కూర్చోబెట్టలేదు, వరండాలో విడిగా విస్తరి వేశారు. వేసినందుకు మనం సంతోషించాం. నేనూ సంతోషించాను, ఆ రోజు క్లాసులో పిల్లలకి చెప్పాను కూడా.

ఆ మినహాయింపుకి అడ్డం చెప్పిన దేశాలు ఏవో తెలుసా? ఐర్లండ్, ఆస్ట్రియా, న్యూజిలాండ్. బాంబులు లేనివీ, బాంబులు వద్దనేవీ. రూలు అందరికీ ఒకటే అన్నప్పుడు ఒకరికి ఎందుకు సడలిస్తారని అడిగాయి. అచ్చం 1968లో మనం అడిగిన ప్రశ్న. మనం వాళ్లకి జవాబు చెప్పలేదు, వాషింగ్టన్ చేత ఫోన్లు చేయించాం. మాకూ అలాంటిదే ఇవ్వమని పాకిస్తాన్ అడిగితే కుదరదన్నారు. చైనా మాత్రం పాత ఒప్పందం కొనసాగింపేనని చెప్పి పాకిస్తాన్‌కి చష్మాలో రెండు రియాక్టర్లు కట్టింది. అదే చైనా 2016లో సియోల్ సమావేశంలో, ఎన్‌పీటీలో లేనివాళ్లని ఎన్‌ఎస్‌జీలో ఎలా చేర్చుకుంటామని మనకి నీతులు చెప్పింది.

(ఇక్కడ ఒక శ్రోత లేచి అడిగారు: "మాస్టారూ, మనం ఎవరికీ దొంగచాటుగా అమ్మలేదు కదండీ. పాకిస్తాన్‌తో మనకి పోలికేంటి?")

మంచి ప్రశ్న. అవును, అమ్మలేదు. పాకిస్తాన్ అణు శాస్త్రవేత్త ఎ.క్యూ.ఖాన్ 2004 ఫిబ్రవరిలో టీవీలోకి వచ్చి ఒప్పుకున్నాడు, ఇరాన్‌కీ లిబియాకీ ఉత్తర కొరియాకీ సాంకేతికత వెళ్లిందని. మన రికార్డు శుభ్రంగా ఉంది. ముందుగా ప్రయోగించబోమని కూడా చెప్పాం. అవన్నీ నిజమే. కానీ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. "మేం బాధ్యత గలవాళ్లం, అందుకని మా దగ్గర ఉండొచ్చు, వాళ్ల దగ్గర ఉండకూడదు" అన్న మాట మొదట ఎవరు అన్నారు? ఆ ఐదుగురే. దాని మీదే కదా మనం నలభై ఏళ్లు పోట్లాడాం. ఇప్పుడు అదే వాక్యం మన నోట్లోంచి వస్తోంది. వాళ్ల ఉచ్చారణతో సహా.

2017 జూలైలో ఐక్యరాజ్యసమితిలో 122 దేశాలు ఓటు వేసి అణ్వాయుధ నిషేధ ఒప్పందం తెచ్చాయి. 2021 జనవరి 22 నుంచి అమల్లో ఉంది. అందులో ఎన్‌పీటీ లాంటి కటాఫ్ తేదీ లేదు, ఐదుగురు, తొమ్మిదిమంది అన్న లెక్క లేదు. నిషేధం అందరికీ ఒకటే. కాగితం మీద చూస్తే మనం 1965 నుంచి అడిగిందదే. ఆ చర్చలకి మనం వెళ్లలేదు. జెనీవాలోని నిరాయుధీకరణ సదస్సే సరైన వేదిక అన్నాం. ఆ సదస్సు ఎన్నేళ్లుగా కదలకుండా ఉందో మనవాళ్లకి తెలియదా? మిగతా బాంబు దేశాలు కూడా వెళ్లలేదనుకోండి.

ఇంటి దగ్గరి సంగతి ఒకటి చెప్తాను. ఛత్రపురం ఇసుక మీకు తెలుసు. అక్కడ ఐఆర్‌ఈఎల్ అనే ప్రభుత్వ కంపెనీ తవ్వే ఇసుకలో ఇల్మనైట్, జిర్కాన్‌తో పాటు మోనజైట్ ఉంటుంది, మోనజైట్‌లో థోరియం ఉంటుంది, అది అణు ఇంధనానికి పనికొస్తుంది. అందుకే చట్టం ప్రకారం మోనజైట్ మీద ప్రభుత్వానికి గట్టి పట్టు ఉంది, ఎవరు పడితే వాళ్లు తవ్వి అమ్ముకోకూడదు. తీరంలో చేపలు పట్టేవాడు ఆ ఇసుక మీదే వల ఆరబెట్టుకుంటాడు. అటు శ్రీకాకుళం జిల్లాలో రణస్థలం దగ్గర కొవ్వాడలో వెస్టింగ్‌హౌస్ కంపెనీవి 1208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు పెడతామన్నారు. అది 2008 మినహాయింపుకి పుట్టిన బిడ్డే. ఢిల్లీ, వియన్నా మధ్య సమానత్వం గురించి మాట్లాడినప్పుడు, కొవ్వాడ మత్స్యకారుడికీ ఢిల్లీకీ మధ్య సమానత్వం సంగతి ఎవరూ తీయరు. ఇదే ఒడిశా తీరంలో బలియాపాల్‌లో 1980లలో క్షిపణి పరీక్షా కేంద్రానికి భూములివ్వబోమని తమలపాకు తోటల రైతులు దారులకి అడ్డుకట్టలు కట్టి కూర్చున్నారు. ఇవ్వలేదు. చివరికి ప్రయోగాలు వీలర్ దీవికి వెళ్లాయి, ఇప్పుడు దాని పేరు అబ్దుల్ కలాం దీవి. అగ్ని క్షిపణి పైకి లేచినప్పుడు మనమంతా చప్పట్లు కొడతాం. బలియాపాల్ పేరు ఎవరికీ గుర్తుండదు.

ఇక ఒకే ఒక్క విషయం చెప్పి ఆపేస్తాను, పర్లాకిమిడి వాళ్లు గడియారం చూసుకుంటున్నారు.

పసిఫిక్ సముద్రంలో మార్షల్ దీవులని ఉన్నాయి. జనం మొత్తాన్ని తెచ్చి బరంపురంలో పెడితే ఒక మూలకి సరిపోతారు. 1946 నుంచి 1958 దాకా అమెరికా అక్కడ 67 అణుపరీక్షలు చేసింది. 1954 మార్చి 1న బికినీ దగ్గర పేల్చినది పదిహేను మెగాటన్నులు, హిరోషిమా బాంబుకి దాదాపు వెయ్యి రెట్లు. బూడిద మంచులా రాలింది, ఏమిటో తెలియక పిల్లలు దాంతో ఆడుకున్నారు. దూరంగా చేపలు పడుతున్న జపాన్ పడవ మీదా పడింది. నెల తిరగగానే, ఏప్రిల్ 2న, మన పార్లమెంటులో నెహ్రూ లేచి ఈ పరీక్షలు వెంటనే ఆపండి అన్నారు. ప్రపంచంలో ఆ మాట అన్న మొదటి ప్రధానుల్లో ఆయన ఒకరు. మనకప్పుడు బాంబు లేదు, రియాక్టరూ లేదు.

అరవై ఏళ్లకి, 2014 ఏప్రిల్ 24న, అదే మార్షల్ దీవులు హేగ్‌లో అంతర్జాతీయ న్యాయస్థానం మెట్లెక్కాయి. బాంబులున్న తొమ్మిది దేశాల మీదా కేసు వేశాయి. నిరాయుధీకరణ బాధ్యత మీరు నెరవేర్చలేదు, ఒప్పందంలో లేని దేశాలకి కూడా అది వర్తిస్తుంది అని. ఆ తొమ్మిదిలో మనమూ ఉన్నాం. కోర్టు అధికారాన్ని ముందే ఒప్పుకున్నవి బ్రిటన్, ఇండియా, పాకిస్తాన్. ఈ మూడింటి మీదే విచారణ నడిచింది. అమెరికా, రష్యా, చైనా లాంటి పెద్దలు కోర్టు గుమ్మం దాకా కూడా రాలేదు. చూశారా, అక్కడా పంక్తిభేదమే, అక్కడ దెబ్బతిన్నది మనమే. మరి మనం ఏమని వాదించాం? మేం బాంబులు తీసేస్తాం, వాళ్లనీ తీసేయమనండి అనలేదు. ఈ కోర్టుకి ఈ కేసు వినే అధికారం లేదన్నాం. 2016 అక్టోబరు 5న కోర్టు మన మాటే ఒప్పుకుంది. మీ ఇద్దరి మధ్య అసలు వివాదమే లేదు కాబట్టి కేసు చెల్లదని, తొమ్మిది ఓట్లు అటు, ఏడు ఓట్లు ఇటుగా తేల్చింది.

(డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి అడిగింది: "సార్, మనవాళ్లు అక్కడ ఏం చెప్పి ఉండాల్సింది?")

లాయర్లు అధికారం లేదనే అంటారమ్మా, అది వాళ్ల పని, వాళ్లని అనడానికి లేదు. నన్నడిగితే, 1954 ఏప్రిల్ 2 నాటి లోక్‌సభ రికార్డు అచ్చులో ఉంది. ఆ పేజీలు జెరాక్స్ తీయించుకుని హేగ్‌కి పట్టుకెళ్లి, మొదటి రోజు గట్టిగా చదివి, ఆ తర్వాత వాళ్లు ఏ వాదన పెట్టుకున్నా పెట్టుకోవాల్సింది. చదువుతున్నప్పుడు అవతల బల్ల దగ్గర మార్షల్ దీవుల తరఫున కూర్చున్నవాళ్ల మొహాలు ఎలా ఉండేవో చూడాలని నాకు ఉండేది. నువ్వు ఆ రికార్డు చదవాలనుకుంటే చెప్పు, నా దగ్గర కాపీ ఉంది, వచ్చే ఆదివారం తెస్తాను.